ఏ టేబుల్ దగ్గర మొదలెట్టాలి?

పోయిన శీతాకాలంలో ఒక రాత్రి మా పిన్ని కొడుకు జెర్సీ సిటీ నుంచి వాట్సాప్‌లో ఒక ప్రశ్న పంపాడు. "అన్నా, పోకర్ టోర్నమెంట్లు ఆడదామనుకుంటున్నా. సిట్ అండ్ గోతో మొదలెట్టాలా, మల్టీ టేబులా, శాటిలైటా? నువ్వు ఇలాంటివన్నీ చదువుతుంటావుగా."

చదువుతుంటాను అన్నాడు గానీ ఆడతాను అనలేదు. వాడికి నా సంగతి బాగానే తెలుసు. నా ఆట అంతా బెంగళూరులో ఉన్న రోజుల్లో, శుక్రవారం రాత్రుళ్ళు, ఫ్లాట్‌లో నేలమీద దుప్పటి పరిచి, మనిషికి రెండు వందల చొప్పున వేసుకుని ఆడిందే. హైదరాబాద్ వచ్చాక అదీ లేదు. ఆన్‌లైన్‌లో డబ్బుతో పేకాట తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి నిషేధం. 2025లో పార్లమెంటు చేసిన చట్టంతో దేశమంతా అదే పరిస్థితి. వాడున్న న్యూజెర్సీలో మాత్రం 2013 నుంచి ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధమే. కాబట్టి నిషేధం పేరు చెప్పి తప్పించుకోవడానికి నాకు వీల్లేకపోయింది.

ఇంకో సంగతి కూడా వాడు రాయలేదు, కానీ పిన్ని చెప్పింది. ఉద్యోగం పోయి ఐదు వారాలైంది. ఓపీటీ మీద ఉన్నాడు. ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకంటే ఎక్కువ గడిపితే ఆ దేశంలో ఉండే హోదాకే ముప్పు. అలాంటి కుర్రాడు రాత్రి పదకొండింటికి పోకర్‌లో ఏ ఫార్మాట్‌తో మొదలెట్టాలి అని అడిగితే దానికి ఒక వాక్యంలో జవాబు ఎలా ఇస్తాం? నేను మూడు పుస్తకాల పేర్లు పంపాను. "ఫార్మాట్ అడిగితే సిలబస్ పంపావేంటి" అన్నాడు.

పంపడానికి కారణం ఉంది. జేమ్స్ మెక్‌మానస్ 'పాజిటివ్‌లీ ఫిఫ్త్ స్ట్రీట్' (2003), కోల్సన్ వైట్‌హెడ్ 'ది నోబుల్ హసిల్' (2014), మరియా కొనికోవా 'ది బిగ్గెస్ట్ బ్లఫ్' (2020). ముగ్గురూ రచయితలు. ముగ్గురూ పెద్ద టోర్నమెంట్ల లోకానికి బయటివాళ్ళు. ముగ్గురూ గురిపెట్టింది ఒకే చోటికి: లాస్ వేగస్‌లో ఏటా జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో పది వేల డాలర్ల మెయిన్ ఈవెంట్. అక్కడికి వెళ్ళిన దారులు మాత్రం వేరు. ఎవరు ఏ రకం టోర్నమెంటుతో లోపలికి అడుగుపెట్టారో ఆ టోర్నమెంటు ఆకారమే వాళ్ళ పుస్తకానికీ వచ్చిందని నాకనిపిస్తుంది. మావాడి ప్రశ్న పైకి ఆట గురించే. నేను మాత్రం దాన్ని సాహిత్య ప్రశ్నగా తీసుకున్నాను. అలా తీసుకోవడం ఎంతవరకు న్యాయమో చివర్లో మళ్ళీ వస్తాను.

ముందు ఈ మాటలు తెలియనివాళ్ళ కోసం కొంచెం. మామూలు పోకర్‌కి, అంటే క్యాష్ గేమ్‌కి, ముగింపు లేదు. ఎప్పుడైనా కూర్చోవచ్చు, ఎప్పుడైనా లేవచ్చు, జేబులో ఉన్నంతవరకు మళ్ళీ మళ్ళీ చిప్స్ కొనుక్కోవచ్చు. టోర్నమెంటు అలా కాదు. అందరూ ఒకే ప్రవేశ రుసుము కట్టి సమానంగా చిప్స్ తీసుకుంటారు. బ్లైండ్స్, అంటే ప్రతి ఆటలో తప్పనిసరిగా పెట్టాల్సిన పందెం, గడియారం ప్రకారం పెరుగుతూ పోతుంది. చిప్స్ అయిపోయినవాడు లేచి వెళ్ళిపోతాడు. మళ్ళీ కొనుక్కునే అవకాశం లేకపోతే దాన్ని ఫ్రీజౌట్ అంటారు, ఉంటే రీబై. వందలమంది, వేలమంది ఒకేసారి ఆడితే మల్టీ టేబుల్. తొమ్మిదిమందో పదిమందో చేరగానే మొదలైపోయే ఒక్క టేబుల్ ఆట సిట్ అండ్ గో. గెలిస్తే డబ్బుకి బదులు ఇంకో పెద్ద టోర్నమెంటులో సీటు ఇచ్చేది శాటిలైట్. గడియారాన్ని బాగా వేగంగా తిప్పితే టర్బో.

వరల్డ్ సిరీస్ కూడా మొదట టోర్నమెంటు కాదు. 1970లో బినియన్స్ హార్స్‌షూ కాసినోలో పెద్ద ఆటగాళ్ళు రోజుల తరబడి క్యాష్ గేములు ఆడి, చివర్లో ఓటు వేసి జానీ మాస్‌ని విజేతగా ఎన్నుకున్నారు. మొదటిసారి ఎవరికి వాళ్ళే ఓటేసుకున్నారని ఒక పిట్టకథ కూడా ఉంది. 1971లో ఐదు వేల డాలర్ల ఫ్రీజౌట్ పెట్టారు, మరుసటి ఏడు దాన్ని పది వేలు చేశారు. ఇప్పటికీ పది వేలే. అంటే టోర్నమెంటు వచ్చాకే పోకర్‌కి ఆరంభం, మధ్యం, అంతం వచ్చాయి. చెప్పుకోవడానికి ఒక కథ దొరికింది. అల్ ఆల్వరెజ్ లాంటి కవి, విమర్శకుడు 1981 సిరీస్ చూడ్డానికి లండన్ నుంచి వేగస్ వెళ్ళి 'ది బిగ్గెస్ట్ గేమ్ ఇన్ టౌన్' (1983) రాశాడంటే అందుకే అనుకుంటాను. వాక్యం కోసమే చదవాలంటే ఈ అందరిలోకీ ఆయనదే పైచెయ్యి. కానీ ఆ పుస్తకంలో ఆయన పాత్ర చూసేవాడిదే. మావాడి ప్రశ్నకి పనికిరాడు.

మెక్‌మానస్ దగ్గరికి వద్దాం. 2000లో హార్పర్స్ పత్రిక ఆయన్ని వేగస్ పంపింది. హార్స్‌షూ వ్యవస్థాపకుడి కొడుకు టెడ్ బినియన్ హత్య కేసు విచారణ, దాంతోపాటు ఆ ఏటి వరల్డ్ సిరీస్, రెండింటి మీదా రాయమని. ఆయన చికాగోలో పాఠాలు చెప్పుకునే నవలాకారుడు, కవి. కంప్యూటర్ ప్రోగ్రాం మీద ప్రాక్టీసు చేశాడు, టి.జె. క్లూటియర్ రాసిన పాఠ్యపుస్తకం వల్లెవేశాడు. పత్రిక ఇచ్చిన అడ్వాన్సు పట్టుకుని వెళ్ళి శాటిలైట్‌లో కూర్చున్నాడు, గెలిచాడు. మెయిన్ ఈవెంట్‌లో 512 మంది. ఈయన ఐదో స్థానంలో నిలబడి 2,47,760 డాలర్లు ఇంటికి తీసుకెళ్ళాడు. మధ్యలో ఒక టేబుల్ దగ్గర ఎదురుగా ఎవరు కూర్చున్నారంటే, ఆ పాఠ్యపుస్తకం రాసిన క్లూటియరే.

ఈ కథని కల్పించి నవలగా రాస్తే ఎవరూ నమ్మరు. మంచి జిమ్, చెడ్డ జిమ్ అని తనని తాను రెండుగా చీల్చుకుని చెప్పుకోవడం కూడా సరదాగానే ఉంటుంది. పెళ్ళాం పిల్లల్ని తలచుకుని లేచిపోదామనేవాడు మంచి జిమ్, ఇంకొక్క చెయ్యి అనేవాడు చెడ్డ జిమ్. టేబుల్ దగ్గరి సన్నివేశాల్లో ఆయన ఊపిరి బిగబట్టి రాస్తాడు, మనమూ అలాగే చదువుతాం. హత్య కేసు భాగం మాత్రం నాకు అతుకులాగే అనిపించింది. విచిత్రమేమిటంటే ఆ ఏడు నేరం రుజువైందని శిక్షపడ్డ ఇద్దరూ, పుస్తకం వచ్చిన తర్వాతి ఏడాది 2004లో, పునర్విచారణలో హత్యానేరం నుంచి బయటపడ్డారు. ఫ్రీజౌట్‌లో ఓడినవాడికి రెండో అవకాశం ఉండదు గానీ కోర్టులో ఉంటుంది.

కానీ మొదలెట్టేవాడి చేతిలో పెట్టడానికి ఈ మూడింట్లో అన్నిటికన్నా ప్రమాదకరమైన పుస్తకం ఇదే. శాటిలైట్ అంటే చిన్న టికెట్టుతో పెద్ద గేటు దాటడం. పదిమంది తలా వెయ్యి వేసుకుంటే ఒకడు పది వేల ఆటలో కూర్చుంటాడు, తొమ్మిదిమంది ఇంటికెళతారు. పుస్తకం ఆ ఒకడే రాస్తాడు. 2003లో, సరిగ్గా ఈ పుస్తకం వచ్చిన ఏడాదే, క్రిస్ మనీమేకర్ అనే టెనెసీ అకౌంటెంటు ఆన్‌లైన్‌లో 86 డాలర్ల శాటిలైట్‌తో లోపలికొచ్చి మెయిన్ ఈవెంట్ గెలిచి 25 లక్షల డాలర్లు పట్టుకుపోయాడు. ఇంటిపేరు కూడా దేవుడు చూసి పెట్టినట్టుంది. ఆ ఏడు ఆడినవాళ్ళు 839 మంది. మరుసటి ఏడు 2,576. 2006కి 8,773. ఆ వచ్చినవాళ్ళలో ఎంతోమంది తలలో ఆడుతున్నది ఒకే కథ అనుకోవచ్చు.

పైగా శాటిలైట్‌లో నేర్చుకున్నది మిగతా ఆటలకి సరిగా పనికిరాదు. పది సీట్లున్న శాటిలైట్‌లో పదకొండుమంది మిగిలారనుకోండి. మొదటివాడికీ పదోవాడికీ దక్కేది ఒకే సీటు. అందుకని చిప్స్ దండిగా ఉన్నవాడు చేతికి రెండు ఏస్‌లు వచ్చినా పారేసి కూర్చోవడమే తెలివి కావచ్చు. కొత్తవాడికి ఇది మొదటి పాఠమైతే, అక్షరాభ్యాసం నాడే వ్యాకరణంలో మినహాయింపులు చెప్పినట్టుంటుంది.

కొనికోవా దారి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆమె మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు చేసిన మనిషి, న్యూయార్కర్ రచయిత. 2015లో ఆమె ఇంట్లో ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి: తనకి అంతుపట్టని జబ్బు, అమ్మ ఉద్యోగం పోవడం, అమ్మమ్మ కాలుజారి పడి చనిపోవడం. అదృష్టం అంటే ఏమిటి, మన చేతిలో ఉన్నదెంత అనే ప్రశ్న పట్టుకుని ఆమె ఫాన్ నాయ్‌మన్ గేమ్ థియరీ దగ్గరికి, అక్కడ్నుంచి పోకర్‌కి వచ్చింది. పేకలో ఎన్ని ముక్కలుంటాయో కూడా సరిగా తెలియని స్థితిలో ఎరిక్ సైడెల్ దగ్గరికి వెళ్ళి నేర్పమని అడిగింది. సైడెల్ మామూలువాడు కాదు. 1988 ఫైనల్లో జానీ చాన్ చేతిలో ఆయన ఓడిపోయిన దృశ్యమే 'రౌండర్స్' సినిమాలో కనిపించేది.

సైడెల్ ముందు డాన్ హారింగ్టన్ పుస్తకాలు చదవమన్నాడు. తర్వాత ఆన్‌లైన్‌లో కొద్ది డాలర్ల ఆటలు. న్యూయార్క్‌లో ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధం కాదు కాబట్టి ఆమె హడ్సన్ నది దాటి హోబోకెన్‌లో కాఫీ షాపుల్లో లాప్‌టాప్ తెరుచుకుని ఆడింది. (హోబోకెన్ అంటే మావాడి పక్క ఊరే. ఈ పేజీలు చదివి వాడు ఎగిరి గంతేశాడు.) ఆ తర్వాత వేగస్‌లో చిన్నచిన్న రోజువారీ టోర్నమెంట్లు. ఒక మెట్టు మీద నిలదొక్కుకున్నాకే ఇంకో మెట్టు. ఆ వరసలో 2018 జనవరిలో బహామాస్‌లో ఒక టోర్నమెంటు గెలిచి 84,600 డాలర్లు సంపాదించింది.

ఆటపరంగా మావాడికి ఇదే సరైన జవాబని నాకు సందేహం లేదు. పుస్తకంగా మాత్రం నాకు దీనితో పేచీ ఉంది. ప్రతి చెయ్యీ ఒక నీతికి దారితీస్తుంది. ఆమె ఒక ఆట ఓడిపోతే, రెండు పేజీల తర్వాత దానిమీద ఏదో ఒక మనస్తత్వశాస్త్ర ప్రయోగం వచ్చి కూర్చుంటుంది. ఓటమి ఓటమిగా మిగలదు, వెంటనే పాఠమైపోతుంది. మనిషి జీవితంలో కాకతాళీయం ఎంత బలమైనదో చెప్పాలని మొదలైన పుస్తకం, మెట్లు ఒక్కొక్కటే ఎక్కుతూ పోతే చివరికి పైకి చేరతాం అనే భరోసాతో నడుస్తుంది. ఆమె ఆ మాట అనదు. పుస్తకం ఆకారం అంటుంది. ఉద్యోగ వేటలో ఉన్న కుర్రాడికి ఇలాంటి మెట్ల కథలు లింక్‌డిన్‌లో రోజూ కావలసినన్ని దొరుకుతాయి.

వైట్‌హెడ్‌ది ఇంకో తంతు. తర్వాతి కాలంలో రెండు పులిట్జర్లు తెచ్చుకున్న ఈ నవలాకారుణ్ణి 2011లో గ్రాంట్‌లాండ్ అనే వెబ్ పత్రిక మెయిన్ ఈవెంట్‌కి పంపింది. పది వేలు వాళ్ళే పెట్టుకున్నారు. అంటే ఈయనకి మెట్లూ లేవు, శాటిలైటూ లేదు. నేరుగా 6,865 మందిలోకి దింపేశారు. సిద్ధం కావడానికి చేతిలో ఉన్నది కొన్ని వారాలు. అప్పుడే విడాకులైన మనిషి, కూతురు తన దగ్గర లేని రోజులు చూసుకుని, న్యూయార్క్ బస్టాండులో బస్సెక్కి అట్లాంటిక్ సిటీ వెళ్ళి చిన్న టోర్నమెంట్లు ఆడతాడు. హెలెన్ ఎల్లిస్ అనే నవలాకారిణి ఆయన కోచ్.

ఆ అట్లాంటిక్ సిటీ పేజీల కోసం ఈ పుస్తకం చదవాలి. చవక టోర్నమెంటు దగ్గరికి ఎవరొస్తారో ఆయన చూసినట్టు మిగతా ఇద్దరూ చూడలేదు. బొజ్జతో, సౌమ్యంగా కనిపించే మధ్యతరగతి మనిషికి బిగ్ మిచ్ అని పేరు పెడతాడు. బతుకు బాగా నలగ్గొట్టిన మనిషి మెతీ మైక్. హుడీ, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంటర్నెట్‌లో లక్షల చేతులు ఆడి వచ్చిన కుర్రాడు రోబోట్రాన్. నవ్వుకుంటూ చదువుతాం, కాసేపటికి మనం ఏ రకమో తెలిసిపోయి నవ్వు ఆగిపోతుంది. హాస్యం శ్రుతి మించిన చోట్లు చాలానే ఉన్నాయి, నిరాసక్త గణతంత్రం నుంచి వచ్చాను అనే జోకు పుస్తకం పొడుగునా సాగదీశాడు. ఆట గురించి నేర్చుకునేదీ తక్కువే. చివరికి డబ్బు దక్కే స్థానం దాకా కూడా వెళ్ళడు. ఓడిపోతాడు, ఇంటికొస్తాడు. దానికింద పాఠం రాసిపెట్టడు. మూడింట్లో నాకు నచ్చింది ఇదే. నమ్మకమైనదీ ఇదే.

ఎందుకు నమ్మకమైనదో చెప్పడానికి నా వృత్తి అడ్డుపెట్టుకుంటాను. ఒక మల్టీ టేబుల్ టోర్నమెంటులో నూటికి పదిహేనుమందికి డబ్బు దక్కుతుందనుకుందాం. మీరు అక్కడి సగటు మనిషితో సమానంగా ఆడతారనీ అనుకుందాం. వరసగా పది టోర్నమెంట్లలో ఒక్కసారీ పైసా రాకుండా పోయే అవకాశం ఎంత? 0.85ని పదిసార్లు గుణిస్తే దాదాపు 20 శాతం. అంటే సరిగ్గా ఆడే ఐదుగురిలో ఒకడు పది ఆటల తర్వాత తనకేమీ రాదనుకుని మానేస్తాడు. అదే పదిమంది కూర్చుని ముగ్గురికి డబ్బిచ్చే సిట్ అండ్ గో అయితే ఆ అవకాశం మూడు శాతం లోపే. కొత్తవాడు నేర్చుకోవాలంటే చేసిన పనికి ఫలితం తొందరగా కనపడాలి. కోడ్ రాసి పదివారాల తర్వాత టెస్టు చేసుకుంటే ఎవరు నేర్చుకుంటారు? మల్టీ టేబుల్‌లో మరోటి కూడా ఉంది, చివరి తొమ్మిదిమందిలో ఎలా ఆడాలో నేర్చుకోవాలంటే ముందు అక్కడిదాకా చేరాలి. సిట్ అండ్ గోలో అది గంటకోసారి ఎదురుగా వస్తుంది.

అందులో నాకు బాగా ఇష్టమైన లెక్క ఒకటుంది. ప్రైజు మొత్తం వంద రూపాయలు, మొదటివాడికి 50, రెండోవాడికి 30, మూడోవాడికి 20. నలుగురు మిగిలారు, నలుగురి దగ్గరా సమానంగా చిప్స్. అప్పుడు ఒక్కొక్కడి వాటా విలువ 25. ఇద్దరు తెగించి మొత్తం చిప్స్ ముందుకు నెట్టారు. ఒకడు పోతాడు. గెలిచినవాడి చిప్స్ రెట్టింపవుతాయి గానీ వాటా విలువ రెట్టింపు కాదు. ఆటగాళ్ళు వాడే ఐసీఎం అనే పద్ధతిలో లెక్కేస్తే అది 38.33 అవుతుంది. అంటే 25 పణం పెట్టి సంపాదించింది 13 చిల్లర. మిగతా పదకొండున్నర పైచిలుకు ఎక్కడికి పోయింది? ఊరికే చేతులు కట్టుకుని కూర్చున్న ఇద్దరికీ చెరో 5.83 వెళ్ళింది. ఆ పరిస్థితిలో తెగించాలంటే నూటికి 65 సార్లు గెలిచే ముక్కలు చేతిలో ఉండాలి. సగానికి సగం చాలు అనుకునేవాడు పైకి ధైర్యవంతుడిలా కనిపిస్తాడు గానీ నష్టపోతుంటాడు. ఒక టేబుల్ మీద, గంటలో, పది డాలర్లతో తెలిసే ఈ సంగతి నాకు మూడు పుస్తకాల్లోనూ ఇంత సూటిగా తగల్లేదు. టర్బోలో ఇది కూడా తెలియదు. అక్కడ గడియారం తరుముతుంటే మిగిలేది తోసెయ్యడమా, పారేయడమా అనే పట్టిక ఒక్కటే.

ఇక రీబై. దాని గురించి నేను పుస్తకాల్లో చదవనక్కర్లేదు. మా వైపు పెళ్ళిళ్ళలో విడిదింట్లో రాత్రంతా రమ్మీ నడుస్తుంది. 101 పూల్. డ్రాప్ అయితే 20, మిడిల్ డ్రాప్ 40, ఫుల్ కౌంట్ 80. 101 దాటినవాడు అవుట్. పద్ధతిగా చూస్తే ఇదీ ఒక సిట్ అండ్ గోనే, మా మావయ్యలకి ఆ పేరు తెలియదంతే. కానీ అందులో రీజాయిన్ అని ఒకటుంది. అవుటైనవాడు మళ్ళీ డబ్బు కట్టి, మిగిలినవాళ్ళలో అందరికంటే ఎక్కువ పాయింట్లున్నవాడి మీద ఒక పాయింటు ఎక్కువతో కూర్చోవచ్చు. ఒక పెళ్ళిలో మా మావయ్య మూడుసార్లు రీజాయినై, తెల్లవారుజామున అత్తయ్య పర్సులోంచి బస్సు ఛార్జీలు తీసుకున్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. నేను మెలకువగానే ఉన్నాను. కొత్తవాడికి రీబై వద్దని చెప్పడానికి ఇంతకంటే లెక్కలు అక్కర్లేదు నాకు. రుసుము పదకొండు డాలర్లని రాసి ఉన్నా నిజానికి ఆ రాత్రి ఎంతకి తేలుతుందో తెలియని ఆట అది.

మన సాహిత్యంలో జూదం ఎక్కువగా ఈ ఆకారంలోనే కనిపిస్తుంది. సభాపర్వంలో ధర్మరాజు ఆడింది ముగింపు లేని ఆట. పణం అయిపోయిన ప్రతిసారీ ఇంకేముంది అని శకుని అడుగుతాడు, ఈయన ఇంకోటి తీసి పెడతాడు. తమ్ముళ్ళు, తను, ద్రౌపది. ద్రౌపది సభకి వేసిన ప్రశ్న, ముందు తనని ఓడాడా నన్ను ఓడాడా అని, ఒక రకంగా ఫ్రీజౌట్ నియమం గురించిన ప్రశ్నే. చిప్స్ అయిపోయినవాడు లేచిపోయినట్టే, అలాంటప్పుడు ఇంకో పందెం ఎలా కాస్తాడు? ఆ సభలో ఎవరూ జవాబు తేల్చలేకపోయారు. తర్వాతి అనుద్యూతానికి హద్దుంది, ఒకే పందెం, ఓడితే పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం. ఆట నేర్చుకోవడం మాత్రం ఆ తర్వాత. అరణ్యంలో బృహదశ్వుడు నలుడి కథ చెప్పి అక్షహృదయం ఉపదేశిస్తాడు. రాజ్యం పోయాక దొరికిన కోచింగు. దాన్ని పెట్టుబడిగా పెట్టి ఆయన విరాటుడి కొలువులో కంకుభట్టుగా, రాజుగారి పాచికలాట సహచరుడిగా ఏడాది గడుపుతాడు. ఇప్పుడు పోగొట్టుకోవడానికి సొంతానిదంటూ ఏమీ లేదు.

టోర్నమెంట్లలో అలాంటిదానికి ఒక పేరుంది, ఫ్రీరోల్. ప్రవేశ రుసుము లేని ఆట. ఓడితే పోయేదేమీ లేదు. నేను పైన వాయిదా వేసిన మాట ఇక్కడ చెప్పాలి. ఈ ముగ్గురు రచయితలూ ఆడింది అసలు ఫ్రీరోలే. మెక్‌మానస్ మొదటి చేతికే పోయినా హార్పర్స్‌కి వ్యాసం ఉంటుంది. వైట్‌హెడ్ ఓడిపోవడమే పుస్తకమైంది. కొనికోవా మెట్ల మీంచి జారిపడ్డా అది మంచి అధ్యాయమయ్యేది. వాళ్ళ ఓటమికి కొనేవాళ్ళున్నారు, మనమే, పాఠకులం. అందుకే వాళ్ళ చేతులు వణకలేదని అనను. వణికాయి, ముగ్గురూ నిజాయితీగానే రాశారు. కానీ ఏ టేబుల్‌తో మొదలెట్టాలి అని వాళ్ళనడిగితే ఇచ్చే జవాబులో ఒక సున్నా తక్కువ ఉంటుంది. వైట్‌హెడ్ ఒక్కడే ఆ సంగతి దాచడు. పది వేలు తనవి కావని, తన స్థానంలో తన డబ్బుతో కూర్చున్నవాళ్ళు ఎదురుగా ఉన్నారని, పుస్తకం పొడుగునా మనకి గుర్తుంచుతాడు.

మావాడికి వ్యాసం రాసుకునే సౌకర్యం లేదు. వాడి ఓటమిని ఎవరూ కొనరు. పైగా వాడు ఇప్పటికే ఒక టోర్నమెంటులో ఉన్నాడు, 90 రోజుల గడియారం నడుస్తోంది, హెచ్-1బి లాటరీలో పేరు రెండుసార్లు రాలేదు. అది ఫ్రీజౌటే, అందులోనూ టర్బో. దానిమీద ఇంకో టోర్నమెంటు పెట్టుకుంటానంటున్నాడు. ఈ మాట వాడితో అనడానికి నాకు ఇరవై రోజులు పట్టింది. పుస్తకాల గురించి మాట్లాడటం తేలిక కాబట్టి ముందు అది చేశాను. ఇప్పుడు చూసుకుంటే అది కొంచెం పిరికితనమే.

ఆదివారం ఫోన్ చేసి చెప్పాను. ఉద్యోగం దొరికేదాకా ఆన్‌లైన్ ముట్టుకోకు, క్రెడిట్ కార్డు ఆ సైటుకి ఇవ్వకు, అంతగా ఉంటే మీ ఫ్లాట్ వాళ్ళతో పది డాలర్ల సిట్ అండ్ గో పెట్టుకో, రీబై లేకుండా. కాసేపు మాట్లాడలేదు. "అంటే నీ జవాబు సిట్ అండ్ గోనా?" అన్నాడు. అవునన్నాను. "అది మొదట్లోనే చెప్పుండొచ్చుగా అన్నా, రెండు పుస్తకాలకి డబ్బులు మిగిలేవి."

నెల తర్వాత ఫోటో వచ్చింది. జెర్సీ సిటీలో ఎవరిదో అపార్టుమెంటు, నేలమీద దుప్పటి, పదిమంది, చిప్స్ బదులు రంగురంగుల లెగో ముక్కలు. కింద మెసేజ్: "నలుగురం మిగిలాం. ఇద్దరు కొట్టుకుంటుంటే నువ్వు చెప్పినట్టు నోరు మూసుకుని కూర్చున్నా. మూడో ప్లేస్. ఇరవై డాలర్లు." ఉద్యోగం సంగతేమిట్రా అని అడిగాను. రెండో రౌండు ఇంటర్వ్యూ గురువారమట. మెక్‌మానస్ పూర్తి చేశాడు, కొనికోవా సగంలో ఉంది. వైట్‌హెడ్ ఇంకా మొదలెట్టలేదు, అది ఓడిపోయినవాడి పుస్తకం కదా, ఇంటర్వ్యూ అయ్యాక చదువుతానన్నాడు.